మొండి ముక్కు, తుంటరి తోక

పోయినవారం మన పిచ్చుకని గడ్డిలో వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజుల పాటు అక్కడే కూర్చోబెట్టినందుకు ఆ పిల్ల మనల్ని తిట్టుకునే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. పిచ్చుక అంటే మెకానిక్ మేస్త్రీ కూతురు. పొట్టిగా ఉంటుంది, ఒక్కచోట కుదురుగా కూర్చోదు, అందుకని నాయనమ్మ పెట్టిన పేరు అది. రేపు పందెం. పందెంలో దిగే ఎర్ర రెండు సీట్ల కారు రొట్టెల ఫ్యాక్టరీ యజమానిది, ఆయన్ని అందరూ రొట్టెల సారు అంటారు. కారుని తయారుచేసేది మేస్త్రీ, నడపాల్సింది పిచ్చుక. ఈ ఒక్క అవకాశం కోసం ఆ పిల్ల చిన్నప్పటినుంచీ కళ్లు కాయలు కాచేలా ఎదురు చూసింది. తీరా ప్రాక్టీసులో పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి కారు మళ్లీ తిరగనంటే తిరగనని నేరుగా గడ్డిలోకి పోయింది. రొట్టెల సారు మొహం చిట్లించి, సాయంత్రంలోగా కుదరకపోతే వేరే డ్రైవరుకి ఫోన్ చేస్తానన్నాడు. పిల్లని కుదేసింది ఆ మాట కాదు. పక్కనే నుంచున్న కన్నతండ్రి, "అదే మంచిదేమో సార్," అన్నాడు చూడండి, అది.

గడ్డిలోంచి కారుని తీసి షెడ్డుకి తెచ్చింది పిచ్చుక. హెల్మెట్ బల్ల మీద పెట్టింది. వాళ్ల షెడ్డు ట్రాకుని ఆనుకునే ఉంటుంది. పైన రేకులు, కింద నూనె మరకల సిమెంటు నేల, గోడ నిండా వేలాడే పానాలు. ఒక్కో పానా వెనక దాని ఆకారం రంగుతో గీసి ఉంటుంది, ఏది మాయమైనా గోడే చెప్పేస్తుంది. గుమ్మంలో మడతకుర్చీ వేసుకుని, మెడలో స్టాప్‌వాచీ తగిలించుకుని నాయనమ్మ కూర్చుని ఉంది. ఆవిడకి కారు నడపడం రాదు. కానీ తాత బతికున్న రోజులనుంచీ ట్రాకు మీద ప్రతి చుట్టూ లెక్కపెట్టింది ఆవిడే. సొంత మనవరాలికైనా సరే, రెప్పపాటంత కాలం తగ్గించి చెప్పదు.

ఏమైనా తిన్నావా అని నాయనమ్మ అడిగింది. ఆకలి లేదంది పిచ్చుక. నీకు ఆకలి లేకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదే అని ముసలావిడ అంటే, మామూలుగా అయితే నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. నాన్న నోటివెంట ఆ మాట వచ్చిందంటే తన చేతుల్లో నిజంగానే ఏదో తగ్గిందన్నమాట. నాన్నకి కార్ల గురించి తెలియనిదేముంది? తన గురించి తెలియనిదేముంది?

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే ఈ పిల్ల బాధ మీకు అర్థం కాదు. కార్లలో రెండు రకాల దుర్గుణాలుంటాయి. ఒకటి, స్టీరింగు తిప్పినా ముక్కు తిరక్కుండా తిన్నగా పోవడం. దాన్ని అండర్‌స్టీర్ అంటారు. రెండోది, ముక్కు బుద్ధిగా తిరిగినా వెనక భాగం బయటికి తన్నుకొచ్చి కారుని గిరగిరా తిప్పేయడం. అది ఓవర్‌స్టీర్. మేస్త్రీ షెడ్డులో ఇంత పెద్ద మాటలు ఎవరూ వాడరు. మొదటిది మొండి, రెండోది తుంటరి, అంతే. ఎర్ర కారుకి ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది, పుట్టుకతోనే కాస్త తుంటరిది. అలాంటి కారు ఈమధ్య ఉన్నట్టుండి మొండికేసింది. పిచ్చుక ఇంకా ఎక్కువ తిప్పి చూసింది, వేగం తగ్గించి చూసింది, ముందే బ్రేకు వేసి చూసింది. మలుపులోకి రమ్మంటే కారు చెవిన పెడితేగా? కారు మారలేదు కాబట్టి మారింది తనేనని ఆ పిల్ల ఖాయం చేసేసుకుంది.

ఒళ్లు మండినప్పుడు ఊరికే కూర్చోవడం చేతకాదు కదా, కారు కింద ఇరుక్కున్న గడ్డి పీకుదామని చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరింది. టార్చి వేసుకుని చేతికందినంత మేర పీకింది. ముందు చక్రాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఏ నట్టు ఎవరు బిగించినా, బిగించిన వెంటనే నట్టు మీంచి దాని పక్క ఇనుము మీదికి రంగుతో ఒక గీత గీయాలి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. ఎవరి రంగు వాళ్లది. మేస్త్రీది పసుపు, పిచ్చుకది ఆకుపచ్చ. రెండు ముందు చక్రాలనీ కలుపుతూ ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, మలుపుల్లో కారు పక్కకి ఒరిగిపోకుండా ఆపుతుంది. వెనకా ఇంకోటి ఉంటుంది. ఆ కడ్డీల చివర వరసగా కన్నాలుంటాయి. బోల్టు ఏ కన్నంలో ఉందో దాన్నిబట్టి బిగువు. ఈ కారుకి ముందూ వెనకా కడ్డీల బిగువు చూసి బోల్టులు పెట్టింది పిచ్చుకే. గీతలు గీసింది పిచ్చుకే. ఇప్పుడు టార్చి వెలుగులో గీత పసుపుపచ్చగా మెరుస్తోంది.

పాక్కుంటూ వెనక్కి పోయి చూసింది. అక్కడా పసుపే. ముందు కడ్డీ బోల్టు అన్నిటికంటే బిగువైన కన్నంలో, వెనకది అన్నిటికంటే వదులైన కన్నంలో ఉన్నాయి. అలా పెడితే ముందు టైర్లు ముందుగా పట్టు వదిలేస్తాయి. కారు మొండికెయ్యక ఏం చేస్తుంది? ఎవరు నడిపినా గడ్డిలోకే పోతుంది.

గుండె ఝల్లుమంది పిల్లకి. మరుక్షణం, ఇన్నాళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టయి ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. మూడూ ఒకేసారి వస్తే ఏది ముందు పడాలో తెలియక కాసేపు అలాగే పడుకుంది.

"నాన్నా, ఒకసారి ఇలా వచ్చి పడుకో," అని పిలిచింది.

మేస్త్రీ ఇంకో పలక లాక్కుని వచ్చి కూతురి పక్కన దూరాడు. తండ్రీ కూతుళ్లు భుజం భుజం ఆనించుకుని కారు పొట్ట కేసి చూస్తూ పడుకున్నారు. పిచ్చుక టార్చి తిప్పి ఆ గీత మీద వేసింది. గుమ్మం దగ్గర మడతకుర్చీ కిర్రుమంది. కాసేపటికి నాయనమ్మ చెప్పులు నడుచుకుంటూ వచ్చి ముందు చక్రం పక్కన ఆగాయి.

"నాదే," అన్నాడు మేస్త్రీ చివరికి.

నీదని తెలుస్తూనే ఉంది, ఎప్పుడు అని అడిగింది పిచ్చుక. మొదటి ప్రాక్టీసు అయిన మర్నాడు పొద్దున్నే, నువ్వింకా లేవకముందు అని ఆయన నీళ్లు నమిలాడు. ఆ మొదటి రోజు పిచ్చుకకి బాగా గుర్తుంది. పెద్ద మలుపులో కారు తోక జాడించింది, తను స్టీరింగు ఎదురు తిప్పి పట్టుకుంది, నవ్వుకుంటూ షెడ్డుకి వచ్చింది. ఆ నవ్వు చూసే ఆయనకి కాళ్లు చల్లబడ్డాయట. ఆ రోజు కంచె దగ్గర నుంచుని కారు పక్కకి తిరిగిపోవడం చూశాడు. పట్టుకుందని తెలిశాక కూడా ఇనుప కంచెని వదల్లేకపోయాడు.

"దొంగపని చేసేవాడివి, గీత ఎందుకు గీశావు? ఆకుపచ్చ రంగు డబ్బా పక్కనే ఉందిగా. ఆకుపచ్చ గీత గీసి ఉంటే నాకు జన్మలో తెలిసేది కాదు," అంది పిచ్చుక.

మేస్త్రీ ఈ ప్రశ్నకి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బిగించింది నేనైతే నీ రంగు ఎలా వేస్తాను? గీయకుండా ఎలా వదిలేస్తాను? నువ్వు కూర్చునే బండి కదా," అన్నాడు.

నాయనమ్మ చెప్పులు అటు తిరిగాయి. పైన ఆవిడ నవ్వు ఆపుకుంటోందని పిచ్చుకకి తెలుసు. తనకీ ఎక్కడో లోపల నవ్వు కదిలింది కానీ, దాన్ని అప్పుడే బయటికి రానివ్వదల్చుకోలేదు.

మేస్త్రీ తన వాదన తను చెప్పుకున్నాడు. ముక్కు పోతే ఎటు పోతున్నావో కళ్లకి కనిపిస్తుంది, కాలు తీస్తే వేగం తగ్గుతుంది, మహా అయితే గడ్డి. తోక పోతే అలా కాదు, వీపు ఎటు తిరుగుతుందో, దేన్ని కొడుతుందో ఎవరికీ తెలియదు. రోడ్డు మీద తిరిగే కార్లన్నిటినీ కాస్త మొండిగానే తయారుచేస్తారు, ఎందుకనుకున్నావు, జనం బతకాలని. ఆయన చెబుతున్నదంతా నిజమే. పిచ్చుక కాదనలేదు. ఇది రోడ్డు కాదు, నేను జనం కాదు అని మాత్రం అంది.

పైనుంచి నాయనమ్మ గొంతు వచ్చింది. "ఒరేయ్, ఇన్నేళ్లు ఊరందరి పిల్లలకీ తుంటరి కార్లు చేసిచ్చి, భుజం తట్టి పంపించావుగా. అప్పుడు చల్లబడలేదేం నీ కాళ్లు?"

"వాళ్లు నా పిల్లలు కాదమ్మా," అన్నాడు మేస్త్రీ.

రేకుల మీద కాకి ఒకటి టకటకా నడిచిపోయింది. పిచ్చుక టార్చి ఆర్పేసింది. మొహం కనపడకపోతేనే ఈ మాట చెప్పగలదు.

"కారుని మొండిదాన్ని చేస్తే చేశావు నాన్నా. నా చేతులే పాడైపోయాయనుకున్నాను. రోజూ పడుకునేముందు వాటి కేసే చూసుకుని ఏడ్చాను. నువ్వు ఎదురుగానే ఉన్నావు, ఒక్క ముక్క చెప్పలేదు."

మేస్త్రీ చీకట్లో తడుముకుని కూతురి చెయ్యి పట్టుకున్నాడు, గడ్డీ గ్రీజూ అంటుకున్న చెయ్యి. రెండుసార్లు పానా తీశానే, మళ్లీ గోడకి పెట్టేశాను అన్నాడు. ఇందాక సారు వేరే డ్రైవర్ని పిలుస్తానంటే పోయిన ప్రాణం లేచొచ్చినట్టయిందని కూడా చెప్పేశాడు, దాచుకోవడానికి ఇక మిగిలిందేముందని. తప్పయిపోయిందని మాత్రం అనలేదు. పిచ్చుక కూడా అడగలేదు. ఆయన పట్టుకున్న చెయ్యి వదల్లేదు, అది చాలు.

"లే. బోల్టులు నా కన్నాల్లో పెడదాం. తర్వాత నువ్వు నా పక్కన కూర్చుంటున్నావు," అంది.

కార్ల కింద ఇంత బతుకు బతికాడు కానీ, పందెం వేగంలో ఒకరి పక్కన కూర్చోవడం అంటే మేస్త్రీకి మహా భయం. వెన్నునొప్పి అన్నాడు. ఆ హెల్మెట్ నాకు పట్టదన్నాడు. నాయనమ్మ గోడమీంచి పెద్ద హెల్మెట్ తెచ్చి ఒళ్లో పడేసి, ఎక్కరా, నీ మొహం నాకూ చూడాలనుంది అంది. బోల్టులు మారుస్తున్నంతసేపూ కూతురు చెయ్యి చాపితే ఏ పానా కావాలో అడక్కుండానే అందించాడు. పిచ్చుక పసుపు గీతలు తుడిచి తన ఆకుపచ్చ గీతలు గీసింది.

మొదటి చుట్టు మెల్లగా తిప్పింది, టైర్లు వేడెక్కాలని. మేస్త్రీ రెండు చేతులతో సీటుని పట్టుకుని కూర్చున్నాడు. రెండో చుట్టులో పెద్ద మలుపు వచ్చింది. బ్రేకు వేసి, వదిలి, స్టీరింగు తిప్పింది. ముక్కు వెంటనే లోపలికి వచ్చేసింది, పిలిస్తే పలికినట్టు. ఇన్నాళ్లూ తను పోగొట్టుకున్నది ఇదే. నాన్న పక్కనున్నాడు కదా అని తగ్గలేదు, యాక్సిలరేటర్ మీద కాలు ఇంకొంచెం నొక్కింది. వెనక టైర్లు పట్టు వదిలాయి. తోక బయటికి జారింది, కారు అడ్డంగా తిరిగి పక్క కిటికీ అద్దంలోంచి ట్రాకు కనపడసాగింది. పిచ్చుక చేతులు అటు తిరిగాయి, కాలు వదలకుండా కాస్త మాత్రం తగ్గింది. కారు అలా పక్కకి జారుతూనే మలుపంతా తిరిగి, చివర్లో ఒళ్లు విరుచుకుని తిన్నగా అయింది.

పక్కనుంచి ఏదో వింత చప్పుడు. దెబ్బ తగిలిందేమోనని హడలిపోయి చూసింది. మేస్త్రీ నవ్వుతున్నాడు. తను నవ్వుతున్నానని ఆయనకే తెలిసినట్టు లేదు, కళ్లు గట్టిగా మూసుకుని మరీ నవ్వుతున్నాడు. మూడో చుట్టులో ఒక కన్ను తెరిచాడు. నాలుగో చుట్టులో, ఆ తర్వాతి మలుపుకి ముందు ఇంకాస్త ఆలస్యంగా బ్రేకు వెయ్యొచ్చేమోనే అని సలహా కూడా ఇచ్చాడు.

తిరిగి షెడ్డుకి వచ్చేసరికి నాయనమ్మ పక్కన రొట్టెల సారు నిలబడి ఉన్నాడు, చొక్కా చేతుల మీద పిండి ఇంకా అలాగే ఉంది. ముసలావిడ చేతిలో స్టాప్‌వాచీ. దాన్ని ఆయన మొహం ముందు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. మేస్త్రీ దిగి, అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు వైపు టైరుని తడిమి చూస్తున్నాడు. పిచ్చుక ఇంకా బెల్టు విప్పుకుంటోంది. రొట్టెల సారు కారులోకి తొంగిచూడకుండానే, నడిపింది మేస్త్రీయేననుకుని, నేరుగా ఆయన దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఇంత విద్య కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లూ పానాలు తిప్పుతున్నావా? ఇంకెవరికో ఫోన్ చెయ్యడం దేనికి? రేపు నువ్వే నడుపు. అమ్మాయికి నేర్పించు, వచ్చే ఏడు చూద్దాం."

పిచ్చుక చెయ్యి బెల్టు మీదే ఆగిపోయింది. కిటికీలోంచి నాన్న మొహం కేసి చూసింది. ఆయనకి కావలసింది ఆయన చేతిలోకే వచ్చి పడింది. ఔను సార్ అంటే చాలు. కూతురు రేపు కంచె ఇవతల, నాయనమ్మ పక్కన, క్షేమంగా కూర్చుంటుంది. ఎవరికీ కష్టం లేదు. ఇందాక తోక జారినప్పుడు కొట్టుకోనంతగా పిల్ల గుండె ఇప్పుడు కొట్టుకుంది.

మేస్త్రీ చేతులు వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నేను పక్క సీట్లో ఉన్నాను సార్. సగం దారి కళ్లు మూసుకునే ఉన్నాను. నడిపింది నా కూతురు. ఇన్నాళ్లూ కారు గడ్డిలోకి పోయింది నా మూలంగా, అమ్మాయి మూలంగా కాదు," అన్నాడు. అంతటితో ఆగకుండా కడ్డీల సంగతి, కన్నాల సంగతి పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

పిచ్చుకకి కళ్లు చెమర్చాయి. హెల్మెట్ అద్దం దించేసుకుంది.

రొట్టెల సారు మంచివాడే కానీ, రొట్టె కాలిందో లేదో కూడా తనే విరిచి చూస్తే తప్ప నమ్మని మనిషి. కన్నతండ్రి కూతురి కోసం ఎన్నయినా చెబుతాడు అన్నాడు. మేస్త్రీ లేకుండా అమ్మాయి ఒక్కతే ఒక చుట్టు తిప్పాలి, తను కళ్లారా చూడాలి, అప్పుడు గానీ రేపటి మాట తేల్చనన్నాడు. అంటుండగానే రేకుల మీద టపటపమని చినుకులు పడ్డాయి. అందరూ తలెత్తి చూశారు. ఆకాశం పెనం అడుగులా ఉంది. వాన వెలిశాక తిప్పనివ్వండి సార్ అని నాయనమ్మ అడిగింది. రేపు కూడా వానేనట పెద్దమ్మా, ఇదే మంచిది అని ఆయన గొడుగు విప్పాడు.

వాన టైర్లు తొడిగారు. ఇక కడ్డీల సంగతి తేలాలి. తడి నేల మీద వెనక టైర్లకి పట్టు తక్కువ, కారు రెట్టింపు తుంటరి అవుతుంది. వెనక కడ్డీని కొంచెం వదులు చెయ్యడమే పద్ధతి. ఆ కొంచెం ఎంత అన్నదే చిక్కు. ఒక్క కన్నమైతే తెలివి. అన్ని కన్నాలూ అయితే మళ్లీ పాత భయం, మళ్లీ గడ్డి. మేస్త్రీ పానా పట్టుకుని కూతురి కేసి చూశాడు.

ఒక్క కన్నం చాలని పిచ్చుకే చెప్పెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇందాక సారు ముందు నాన్న చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది.

"నీ ఇష్టం నాన్నా. నేను చూడను," అని పిచ్చుక గోడవైపు తిరిగి చేతిగ్లోవ్స్ తొడుక్కోసాగింది.

వెనకాల పలక చక్రాలు దొర్లిన చప్పుడు. నట్టు వదిలిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్లీ నట్టు బిగిసిన చప్పుడు. మేస్త్రీ బయటికి వచ్చి, కూతురి కళ్లలోకి చూడకుండా తలుపు తీసి పట్టుకున్నాడు, బెల్టు తనే బిగించాడు, పైకప్పు మీద రెండు తట్లు తట్టాడు.

ట్రాకు మీద నీళ్లు పలచగా పరుచుకుని ఉన్నాయి. కంచె దగ్గర గొడుగు కింద ముగ్గురూ ఒకచోట ముద్దగా నిలబడ్డారు. వైపర్లు తిరుగుతున్నాయి. పెద్ద మలుపు వచ్చింది. పిచ్చుక బ్రేకు వేసింది, వదిలింది, స్టీరింగు తిప్పింది. మొండికేస్తుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంది. ముక్కు లోపలికి తిరిగింది, పొడి నేల మీద తిరిగినంత చురుగ్గా తిరిగింది. అప్పుడు అర్థమైంది నాన్న ఏం చేశాడో. అన్ని కన్నాలూ వదల్లేదు, ఒక్క కన్నమూ వదల్లేదు. నట్టు విప్పి, ఆలోచించి, కూతురు పెట్టింది పెట్టినట్టే మళ్లీ బిగించేశాడు మహానుభావుడు.

తోక జారి, కంచె, గొడుగు, షెడ్డు అన్నీ పక్క కిటికీ అద్దంలోకి వచ్చేశాయి.

ఇంత నమ్మకం ఇప్పుడు ఎవరడిగారు నాన్నా, అనుకుంటూ పిచ్చుక స్టీరింగుని ఎదురు తిప్పింది. ఇంకా తిప్పింది, తిప్పగలిగినంతా తిప్పింది. తోక మాత్రం ఇంకా వస్తూనే ఉంది.